పెట్టెలోని బట్టలు చెప్పిన సాక్ష్యము



గత మాసమున ఊరగాయ జాడీలను గూర్చియు, వానకాలమున పప్పుధాన్యములకు పురుగు పట్టకుండ కాపాడుకొను విధమును గూర్చియు ముచ్చటించుకొంటిమి. ఆ వ్యాసమును జదివిన యొక సోదరి మాకు జాబు వ్రాయుచు తుదిని ఇట్లడిగినారు: "మా పదునాఱేండ్ల కుమార్తె అపరాధపరిశోధక నవలలను దిండు క్రింద దాచుకొని చదువుచున్నది. మా యత్తగారు కోపించుచున్నారు. హత్యలు, విషములు, దొంగతనములు, ఇవి ఆడుపిల్ల చదువదగిన సంగతులా? మీరేమందురు?"

ఈ ప్రశ్నకు ఔననియో కాదనియో ఒక్క మాటలో బదులు చెప్పుట తగదు. అపరాధపరిశోధక నవలలన్నియు ఒక్క తీరువి కావు. కొన్నిటియందు పుటపుటను నెత్తురు, తుపాకులు, దుర్భాషలు. చదివిన రాత్రి నిద్ర పట్టదు. అట్టివానిని ఆ యత్తగారు దూరముగా నుంచదలచినచో మేము కాదనము. మఱియొక తెగ కలదు. అందు నేరము జరుగును గాని మన కన్నుల యెదుట జరుగదు. కథ యంతయు ఒక చిన్న యూరిలో, ఒకరినొకరెఱిగిన పది యిండ్ల నడుమ నడచును. పరిశోధన చేయువారు పోలీసు ఉద్యోగులు కాక, పూలతోట పెంచుకొను ఏ ముసలమ్మయో, పుస్తకముల దుకాణము నడుపుకొను ఏ స్త్రీయో యగుదురు. తుదకు నిజము వెల్లడియై ఊరు మరల నెమ్మదించును. ఆంగ్లేయులు ఈ తెగకు 'కోజీ' కథలని పేరిడినారు. బయట చలిగా నున్నప్పుడు లోపల కుంపటి చెంత కూర్చున్నవారికి కలుగు హాయి యని ఆ మాటకు భావము. ఈ మాసము అట్టి కథ నొకదానిని, సముద్రపు టొడ్డున నున్న చిన్న పట్టణమున జరిగినదానిని, ఎత్తుకొని అందు మనకు పనికివచ్చున దేమున్నదో విచారింతము.

అంతకు ముందొక మాట. ఇట్టి కథలు మనకు క్రొత్తవి కావు. వినాయకచవితి నాడు ప్రతి యింటను అక్షతలు చేతబట్టుకొని వినునట్టి శ్యమంతకోపాఖ్యానము మఱేమి? అదియును సముద్రతీరపు పట్టణమగు ద్వారకలో మొదలైన కథయే. సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడు మణిని ధరించి వేటకు బోయి తిరిగి రాలేదు. మణియు కానరాలేదు. శ్రీకృష్ణుడు పూర్వమొకప్పుడు ఆ మణి నడిగియుండెను గనుక ఆయనయే చంపి తీసికొనెనని లోకులు గుసగుసలాడిరి. అంతట కృష్ణుడు కోపించి యెవ్వరిని దండింపలేదు. నలుగురు పెద్దలను వెంటబెట్టుకొని యడవికి బోయి, ప్రసేనుని కళేబరమును, దాని చెంత సింహపు టడుగులను, అవి పోయిన దిక్కున చచ్చిన సింహమును, అచ్చటనుండి భల్లూకపు టడుగులను వరుసగా జూచుకొనుచు గుహ వఱకు నడచి మణిని దెచ్చెను. నీలాపనిందను తొలగించుకొనుటకు ఆయన ఎన్నుకొన్న మార్గము వాదము కాదు, అడుగుజాడలు వెదకుట.

నలోపాఖ్యానమున దమయంతి చేసిన పనియు నట్టిదే. రూపు మాఱి బాహుకుడను పేర సారథియై వచ్చిన భర్తను ఆమె యెట్లు పోల్చుకొన్నది? రథపు చప్పుడు విని మొదట అనుమానించినది. వెంటనే కేశిని యను పరిచారికను పంపి, అతడు నీరు తెచ్చు తీరును, నిప్పు రాజేయు తీరును, మాటలాడు తీరును చూచి రమ్మన్నది. తుదకు అతడు వండిన వంటకమును తెప్పించి రుచి చూచి, ఇది నలుని చేతి వంటయే యని నిశ్చయించుకొన్నది. ఒక రాజకుమార్తె, ఒక పరిచారిక, ఒక వంటకము! విదర్భ రాజ్యపు చారులందఱును చేయలేని పనిని ఈ మూడును కలిసి చేసినవి. ఈ రెండు కథలను మనస్సున నుంచుకొని యిప్పుడు ఇంగ్లండునకు బోవుదము.

మేము చెప్పబోవు నవల పేరు 'స్లీపింగ్ మర్డర్', అనగా 'నిద్రించు హత్య'. వ్రాసినవారు అగాథా క్రిస్టీ గారు. ఈమె 1890వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీని ఇంగ్లండు దక్షిణతీరమున, డెవన్ సీమలోని టార్కీ యను సముద్రతీర పట్టణమున జన్మించిరి. బాల్యమున ఆమెను బడికి పంపలేదు. చదువు చాలవఱకు ఇంటియందే సాగినది. బిడ్డకు ఎనిమిదేండ్లు వచ్చువఱకు చదువు నేర్పరాదని తల్లి యభిప్రాయపడగా, ఆ బిడ్డ తనంతట తానే పుస్తకములు చూచి చదువ నేర్చుకొన్నదట. బడి యెఱుగక ఇంటియందే అక్షరములు దిద్దుకొన్న మాబోంట్లకు ఈ సంగతి యెంత ధైర్యము నిచ్చునో వేఱుగ చెప్పనక్కరలేదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆమె టార్కీ ఆసుపత్రియందు పనిచేసి, మందులు కలుపు గదిలో విషముల గుణములను నేర్చిరి. 1920వ సంవత్సరమున మొదటి నవల వెలువడెను. 1976 జనవరి 12వ తేదీని మరణించునాటికి ప్రపంచమున ఆమె పేరు వినని దేశము లేదు. ఈ 'నిద్రించు హత్య'ను ఆమె చాల యేండ్లకు ముందే వ్రాసి, దానిపై హక్కును భర్తకు ఇచ్చి దాచియుంచిరి. ఆమె మరణించిన యేడే, అనగా 1976లోనే, అది అచ్చైనది.

నవలలోని పరిశోధకురాలు మిస్ మార్పుల్ అను వృద్ధకన్య. ఈమె 1927లో ఒక చిన్న కథలోను, 1930లో ఒక నవలలోను మొదట కనిపించి, మొత్తము 12 నవలలయందు నడచినది. ఒడిలో ఉన్ని, చేతిలో అల్లికసూదులు, చెవులు మాత్రము చుట్టుపట్ల! క్రిస్టీ గారి అమ్మమ్మగారి స్నేహితురాండ్రయందు ఆమె పోలికలు కలవట. ఆ అమ్మమ్మగారు ప్రతివారిని గూర్చియు చెడ్డయే జరుగునని శంకించెడివారనియు, అది చాలసారులు నిజమే యయ్యెడి దనియు రచయిత్రియే చెప్పుకొన్నారు. ఇట్టి పెద్దవారు మన యిండ్లలో లేరా? వారిని మనము చాదస్తులందుము. క్రిస్టీ గారు అట్టి ముసలమ్మను గ్రంథమునకు నాయికను జేసిరి.

కథ జరిగిన యూరు డిల్‌మత్. అది కల్పితమే గాని ఇంగ్లండు దక్షిణతీరమున అట్టి యూళ్లు నిజముగా ననేకము కలవు. డెవన్ తీరమున ఎఱ్ఱని కొండచరియలు సముద్రములోనికి దిగియుండును. సముద్రపు గాలి, సముద్రస్నానము ఆరోగ్యమునకు మంచివని వైద్యులు 18వ శతాబ్దము నుండి చెప్పగా, ధనికులు వేసవిలో అచ్చటికి చేర మొదలిడిరి. 1848లో టార్కీ పొలిమేరకు రైలు వచ్చిన పిమ్మట సామాన్య కుటుంబములకును దారి తెఱచినట్లయ్యెను. మన దేశమున ఉద్యోగములు చేసి పింఛను పుచ్చుకొన్న ఆంగ్లేయ సైనికోద్యోగులును పలువు రట్టి యూళ్లలో స్థిరపడిరి. ఇట్టి యూరికి రెండు స్వభావములు. స్థిరముగ నుండువా రొకరి సంగతి యొకరెఱుగుదురు. వేసవిలో వచ్చిపోవువారి సంగతి యెవ్వరికిని తెలియదు. కనుక ఒక స్త్రీ కనబడకపోయినచో, "ఎవరితోనో వెడలిపోయినది" అనుట మిక్కిలి తేలిక. నమ్ముటయు తేలికయే.

గ్వెండా యను ఇరువదియొక్క యేండ్ల యువతి క్రొత్తగా వివాహమై న్యూజిలాండు నుండి ఇంగ్లండునకు వచ్చును. భర్త పనిమీద వెనుకబడి యుండగా ముందుగా తానొక యిల్లు చూడవలెనని బయలుదేరి, డిల్‌మత్‌లో ఒక పాత యింటిని చూచినంతనే, ఇది నా యిల్లే యన్నంత ఇష్టపడి కొనును. పిమ్మట చిత్రములు మొదలగును. తోటలో ఇచ్చట మెట్లుండిన బాగుండునని తలచి త్రవ్వించును. పొదల క్రింద నిజముగానే పాత మెట్లు బయటపడును. ఒక గోడయొద్ద ద్వారముండవలెనని తోచును. గోడ గీకిచూడగా పూర్వము మూసివేసిన ద్వారమే! పిల్లల గది గోడలకు ఎఱ్ఱపూలు, నీలిపూలు గల కాగితము అంటింపవలెనని కోరుకొనును. బిగిసిపోయిన అలమర తెఱచిచూడగా లోపలి గోడకు పూర్వమెన్నడో అంటించిన ఆ కాగితమే యుండును. తుదకు లండనులో ఒక నాటకము చూచుచుండగా, చనిపోయిన స్త్రీని గూర్చి నటుడు పలికిన వాక్యమొకటి చెవినిబడి, కెవ్వున కేక వేసి బయటికి పరుగెత్తును. ఆ యింటి మెట్లకడ్డీల నడుమనుండి తాను క్రిందికి చూచుచుండగా, ఒక స్త్రీ గొంతు నులుమబడి పడియుండుట ఆమె కన్నుల గట్టినది. తనకు మతి చలించుచున్నదని ఆమె భయపడును.

నాటకమునకు వెంటవచ్చినవారిలో మిస్ మార్పుల్ ఉండినది. ఆమె దయ్యమనలేదు, మతిభ్రమ మనలేదు. "అమ్మాయీ, నీవు చిన్నతనమున ఆ యింట నుంటివేమో" యన్న భావముతో మిక్కిలి సామాన్యమైన ప్రశ్న వేసినది. ఆలోచింపగా నిజమదియే. గ్వెండా పుట్టినది మన హిందూదేశమున. తండ్రి ఇక్కడి సైన్యములో ఉద్యోగి. తల్లి పోయిన తరువాత తండ్రి బిడ్డతో ఇంగ్లండు చేరి, హెలెన్ అను యువతిని పెండ్లాడి, ఆ డిల్‌మత్ ఇంటనే అద్దెకుండెను. ఒకనాడు హెలెన్ కానరాలేదు. పెట్టె యొకటి, కొన్ని బట్టలు లేవు. ఆమె పరపురుషునితో లేచిపోయినదని ఊరంతయు ననుకొన్నది. ఆమె వ్రాసినట్టు ఉత్తరములును తరువాత వచ్చినవి. భర్తకు మనస్సు చెదరి చికిత్సాలయమున మరణించెను. పసిబిడ్డ న్యూజిలాండులోని బంధువుల యొద్దకు పోయినది. పదునెనిమిదేండ్లు గడచినవి. హెలెన్‌ను గూర్చి ఎవరినడిగినను ఒకటే మాట: "ఆమె యట్టిదే. మగవారి వెంట తిరిగెడి మనిషి."

సోదరీమణులారా, ఇచ్చట మనము కొంచె మాగవలెను. ఈ కథలో హత్య యొకటి కాదు, రెండు. ఒకటి దేహమును చంపుట, రెండవది పేరును చంపుట. మొదటిది ఒక్క రాత్రిలో ముగిసినది. రెండవది పదునెనిమిదేండ్లు ప్రతిదినమును జరిగినది. మంచివారును, దయగలవారును అందు తెలియక పాలుపంచుకొనిరి. కృష్ణునికి నింద వచ్చినప్పుడు అడుగుజాడలు వెదకుటకు ఆయన బ్రతికియుండెను, వెంట వచ్చుటకు పెద్దలుండిరి. హెలెన్ మరణించినది. మరణించిన స్త్రీ తన నిందను తాను ఎట్లు తొలగించుకొనగలదు?

ఆ నింద తొలగుటకు మొదటి యాధార మేది యనుకొందురు? వేలిముద్రలు కావు, నెత్తుటి మరకలు కావు. ఆ యింట పూర్వము పనిచేసిన లిలీ యను దాసి, పెట్టెలో పోయిన బట్టలను గూర్చి ఆనాడే తోడి పనిమనిషితో అన్న మాట. అమ్మగారు తీసికొనిపోయిన బట్టలు పొసగుట లేదని ఆమె యన్నది. విందులకు ధరించు వెండిజల్తారు వన్నె గౌను పోయినది గాని, దాని క్రింద తప్పక తొడుగుకొనవలసిన లోపలి వస్త్రము ఇంటనే యున్నది. ఆ గౌనునకు తగిన చెప్పులు ఉండగా తగని చెప్పులు పోయినవి. ఇట్లు జతలు తప్పినవి. దీని యర్థమేమి? బట్టలు సర్దినది హెలెన్ కాదు. ఆడువారి బట్టలలో దేనికేది జతయో తెలియని చేతు లెవ్వరివో తొందరగా చేతికందినవి పెట్టెలో కుక్కినవి. ఆమె ఎక్కడికిని పోలేదు. పోయినట్లు మఱియొకరు నమ్మించిరి.

మన మాటలో చెప్పుకొందము. ఒక యింటి కోడలు పెట్టె సర్దుకొని పుట్టింటికి పోయినదని యెవరైన చెప్పినారనుకొనుడు. చూడగా పట్టుచీర పోయినది, దాని రవిక దండెము మీదనే యున్నది. నూలుచీర పోయినది, లోపావడ లేదు. ఆమె దినమును తలకు రాచుకొను నూనెసీసా కదలలేదు. మనలో ఎవరైన దానిని నమ్ముదుమా? ఒక్క నిమిషములో "ఇది ఆమె సర్దిన పెట్టె కాదు" అందుము. ఈ జ్ఞానము ఏ కళాశాలలోను చెప్పరు. బట్టలు మడతపెట్టు చేతికి అది తెలియును. లిలీకి తెలిసినది. కాని ఆ పదునెనిమిదేండ్లలో ఆమె నడిగినవా రెవ్వరు? తుదకు ఆమె నిజము చెప్పుటకు బయలుదేరినప్పుడు ఆమె ప్రాణమునకే ముప్పు వచ్చును. అడుగదగిన కాలమున అడుగకపోవుటవలన కలిగిన నష్టమది.

మిస్ మార్పుల్ అడిగిన తీరు మిక్కిలి మెచ్చదగినది. తనకు సముద్రపు గాలి అవసరమని తన వైద్యునిచేతనే చెప్పించుకొని డిల్‌మత్ చేరినది. ఎవ్వరిని బెదరింపలేదు. బట్టల దుకాణములో ఏదో కొనుచు మాటలు కలిపి, ఆ యింటి పాతపనివా రిప్పుడెచ్చట నున్నారో తెలిసికొన్నది. తోటలో కలుపుతీగలను పెఱకుచు, వేళ్లు లోతున నెంత దూరము పాకియున్నవో చూచుచు ఆలోచించినది. గులాబీమొక్కల పేనుబంక పోగొట్టుటకు సబ్బునీటి పిచికారీ చేతబట్టియుండగా, ఆ పిచికారీయే ఒక నిండుప్రాణమును కాపాడినది. అదెట్లో గ్రంథమునందే చదువవలెను. దోషి యెవరో మేము చెప్పము. చెప్పినచో దిండు క్రింద దాచుకొన్న పిల్లకు మామీద కోపము రాగలదు. ఒక్క సంగతి మాత్రము చెప్పెదము. హెలెన్ చెడ్డది యన్న మాట ఎందఱో చెప్పినను, వెనుకకు వెనుకకు పోయి చూడగా ఆ మాట పుట్టిన నోరు ఒక్కటే. పదిమంది చెప్పినంత మాత్రమున పది సాక్ష్యములు కావు. ఒకరు చెప్పినదానిని తొమ్మండుగురు మరల చెప్పుటయు కావచ్చును. ఆ ముసలమ్మ పట్టుకొన్న సూత్ర మిదియే.

లోకుల నోట నలుగుట యెట్టిదో రచయిత్రికి స్వయముగా తెలియును. 1926 డిసెంబరు 3వ తేదీ రాత్రి ఆమె యింటినుండి కారులో వెడలి కానరాక పోయిరి. కారు మాత్రము దొరకినది. దేశమంతయు వెదకినది, పత్రికలు దినదినమును తమకు తోచిన కథలు వ్రాసినవి, భర్తను శంకించినవారును, ఆమెను పరిహసించినవారును కలరు. 11 దినముల పిమ్మట ఉత్తరమున హారోగేట్ అను ఊరి హోటలులో ఆమె కనబడిరి. 1928లో ఆ వివాహము విడాకులతో ముగిసినది. ఆమె మరణానంతరము 1977లో వెలువడిన ఆత్మకథయందు ఆ 11 దినములను గూర్చి యొక్క మాటయు లేదు. అంతగా లోకము నోట బడిన స్త్రీ, లోకము నోట బడిన మఱియొక స్త్రీ కథను వ్రాయునప్పుడు ఆ కలమున కొంత వేడి యుండుట సహజమే.

ఇదంతయు దూరదేశపు సంగతి గదా యనువారికి మా వీథిలో జరిగిన యొక చిన్న సంగతి చెప్పెదము. మా వారి ఉద్యోగరీత్యా మేమును ఒక చిన్న సముద్రతీరపు టూరనే యుంటిమి. ఒక పెండ్లివారింట వెండి కుంకుమభరిణె కానరాలేదు. అరగంటలో అందఱి చూపులు అంట్లు తోము పిల్లమీద వ్రాలినవి. ఆ పిల్ల పండ్రెండేండ్లది. బెస్తవాడ నుండి తల్లికి మాఱుగా వచ్చినది. ఒకరు "నిన్ననే భరిణెవంక చూచుచుండినది" యన్నారు. మఱియొకరు "వాండ్ల యమ్మయు నంతే" యన్నారు. పిల్ల గుడ్లనీరు కుక్కుకొని నిలువబడినది. అంతలో ఆ యింటి ముత్తవ ముక్కాలిపీట మీద కూర్చుండి, ఎవ్వరిని దొంగ యనక, "ఉదయము పేరంటమునకు పసుపు కుంకుమ పట్టుకొనిపోయిన పళ్లెము ఏది? అందలి తమలపాకులను తడిగుడ్డలో చుట్టిన దెవరు?" అని యడిగినది. చుట్టినది పెద్దకోడలు. చుట్ట విప్పగా ఆకుల నడుమ భరిణె!

అందఱును నవ్వి ఎవరి పనికి వారు పోబోయిరి. ముత్తవ పోనీయలేదు. "దొంగ యన్నమాట పదిమందిలో అంటిరి. కాదన్నమాటయు పదిమందిలోనే అనవలెను" అని గృహస్థునిచేత, ఆయన కెంత మొగమాటముగ నున్నను, ఆ పిల్లతో "తప్పు మాది తల్లీ" యనిపించినది. మాకు ఆ భరిణె దొరకుటకంటె ఆ మాట పెద్దదిగా తోచినది. ఏలయన, ఆ మాట అనకపోయినచో భరిణె ఇంటివారిది ఇంటికి చేరును గాని, ఆ పిల్ల పేరు ఆమెకు చేరదు. మఱునాడు ఇంకొకరి గిన్నె పోయినప్పుడు "మొన్న ఆ పెండ్లివారింట కూడ" అని మొదలిడుదురు. చిన్న యూరు దేనిని మఱువదు. నిజమునకంటె నిందను ఎక్కువకాలము జ్ఞాపకముంచుకొనును.

కావున మా పాఠకురాండ్రకు మనవి చేయున దేమనగా, ఒక స్త్రీని గూర్చియో, దిక్కులేని పనిపిల్లను గూర్చియో చెడ్డమాట మన గడప కడకు వచ్చినప్పుడు, దానిని ప్రక్కయింటికి సాగనంపుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొందము. ఈ మాట మొదట పుట్టిన నో రేది? ఇది నమ్మబడినచో ఎవరికి లాభము? దగ్గఱనుండి చూచిన చేతులను, అనగా బట్టలు మడచినవారిని, వండినవారిని, ఇల్లూడ్చినవారిని ఎవరైన అడిగిరా? ఈ మూడింటికిని సమాధానము లేనిచో ఆ మాటను మన గడపయొద్దనే నిలుపుదము. తప్పని తేలినప్పుడు, విన్న పదిమందికిని మరల చెప్పుదము. ఈ పనికి వేలిముద్రల శాస్త్రము రానక్కరలేదు. కేశిని వలె చూచుటయు, దమయంతి వలె రుచి గుర్తుంచుకొనుటయు చాలును.

ఇక జాబు వ్రాసిన సోదరికి మా ప్రత్యుత్తరము. మీ యమ్మాయి చదువుచున్న పుస్తకములను ఒకసారి మీరే తిరుగవేసి చూడుడు. నెత్తురును చూపి సంతోషపెట్టునవి యైనచో నచ్చజెప్పి మాన్పింపుడు. ఇట్టి సౌమ్యమైనవి యైనచో దిండు క్రిందినుండి తీసి, దీపము చెంత బెట్టి, రాత్రి భోజనములైన పిదప దినమున కొక ప్రకరణము చొప్పున అందఱును వినునట్లు చదువుమనుడు. ఆంగ్లమున నున్నచో ఆమెయే తెలుగున చెప్పుచుండును. అది యామెకు మంచి యభ్యాసము. మీ యత్తగారిని తప్పక ముందు పీటమీద కూర్చుండబెట్టుడు. దోషి యెవరో చివరి ప్రకరణమునకు ముందే ఆమె చెప్పివేయగలరని మా నమ్మకము. ఆమె చెప్పినది నిజమైనదో కాదో మాకు మరల జాబు వ్రాయగోరెదము.

వచ్చు మాసమున పసిపిల్లల దగ్గులను గూర్చియు, కరక్కాయ, మిరియములు ఇంట నుంచుకొను విధమును గూర్చియు ముచ్చటించుకొందము.